ఏప్రిల్‌లో పూర్తయిన క్రిస్మస్ మేజోడు

2025 ఏప్రిల్‌లో, పండక్కి ఇంకా ఎనిమిది నెలలుందనగా, ఒక క్రిస్మస్ మేజోడుకి ఆఖరి కుట్టు వేసి దారం కత్తిరించాను. మొదలుపెట్టింది 2013 డిసెంబర్‌లో. అప్పుడు మా అమ్మాయికి అయిదు నెలలు. ఇప్పుడు పదకొండు నిండాయి, నా చెప్పులు తనకి సరిపోతున్నాయి.

మేజోడంటే కాళ్ళకి తొడుక్కునేది కాదు. క్రిస్మస్ ముందురోజు రాత్రి పిల్లల కోసం వేలాడదీసే గుడ్డసంచీ. ఆకారం మాత్రం పెద్ద మేజోడుది. తెల్లారేసరికి అందులో చిన్న చిన్న కానుకలుంటాయి. నేను తలపెట్టింది క్రాస్ స్టిచ్‌తో, అంటే గళ్ళ గుడ్డ మీద చిన్న చిన్న ఇంటూ గుర్తుల్లాంటి కుట్లతో బొమ్మ నింపుతూ చేసేది. మంచు కప్పిన నేల, మధ్యలో దీపాల చెట్టు, పక్కన ఒక దుప్పి, పైన నక్షత్రం. పై పట్టీ మీద పాప పేరు, బొటనవేలి దగ్గర ఏడాది అంకెలు. పాప మొదటి పండక్కి అమ్మ చేతి కానుక అన్నమాట. ఎంత ముచ్చటగా ఉందో చూడండి, కాగితం మీద.

ఆరంభశూరత్వం అని మనకో మాట ఉంది. ఇంట్లోవాళ్ళు నా మీద దాన్ని పదకొండేళ్ళు వాడారు. నేనూ ఒప్పుకున్నాను. బద్ధకం, పట్టుదల లేకపోవడం, ఇంకా ఏమేం తిట్టుకోవచ్చో అన్నీ తిట్టుకున్నాను. పని పూర్తయ్యాక చూస్తే ఆ తిట్లలో సగం అన్యాయమనిపిస్తోంది. క్రిస్మస్ కోసం చేసే పెద్ద చేతిపనికి డిసెంబర్‌ని మించిన శత్రువు లేదు. నా మేజోడుని పదేళ్ళు ఆపింది పండగే.

సంగతి బయటపడింది 2024 ఫిబ్రవరిలో. ఏదో కాగితం కోసం అలమారా పై అర వెతుకుతుంటే ఒక సంచీ కిందపడింది. అమ్మాయే తీసి విప్పింది. గుడ్డ రింగుకి బిగించినది బిగించినట్టే ఉంది. పని ఆపినప్పుడల్లా గుడ్డని రింగులోంచి తీసి పెట్టమని కుట్లు నేర్పేవాళ్ళు మొదటిరోజే చెబుతారు. తీయకపోతే ఏమవుతుందో నా గుడ్డ చూపిస్తోంది: పళ్ళెం అంచు ఆనించినట్టు గుండ్రంగా గోధుమరంగు మరక. సూది కూడా గుడ్డకే గుచ్చి ఉంది. దాని చుట్టూ ఆవగింజంత తుప్పు. అది పచ్చటి చెట్టుకొమ్మల్లో రావాల్సిన చోటు కాబట్టి బతికిపోయాను.

“ఇదేంటమ్మా?”

“నీ క్రిస్మస్ మేజోడు.”

“నాదైతే మరి నా దగ్గర ఎందుకు లేదు?”

దానికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అన్నం తిన్నాక, అందరూ పడుకున్నాక, చార్టు ముందేసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. క్రాస్ స్టిచ్‌లో ఉన్న సుఖం ఇదే, ఏదీ దాగదు. చార్టులో ఒక గడి అంటే గుడ్డ మీద ఒక కుట్టు. పదేసి గళ్ళకి ఒక లావు గీత ఉంటుంది, వందలు లెక్కించుకుంటూ పోవచ్చు. మొత్తం సుమారు పంతొమ్మిది వేల కుట్లు. అయినవి ఏడు వేలు. అందులో మూడు వేలు మొదటి ఏడాదివే. అంటే తర్వాతి పదేళ్ళలో వేసినవి నాలుగు వేలు. ఏడాదికి నాలుగు వందలు. మిగిలిన పన్నెండు వేలు అదే లెక్కన వేస్తే ముప్ఫయ్యేళ్ళు. మా అమ్మాయికి నలభై వచ్చాక ఆమె మొదటి క్రిస్మస్ మేజోడు చేతికందుతుంది.

నవ్వొచ్చింది, నిజంగా. ఆ నవ్వులోనే మొదటిసారి ఇంకో లెక్క వేశాను. నేను గంటకి నూట ఇరవై కుట్లు వేస్తాను. అంటే మొత్తం పనికి నూట అరవై గంటలు. డిసెంబర్‌లో నాకు ఖాళీ గంటలెన్ని? బాగా దొరికిన ఏడాది అయిదారు. నూట అరవై గంటల పనిని అయిదారు గంటల సందులో దూర్చాలని చూసి, దూరకపోయేసరికి ప్రతి ఏడూ నన్ను నేను తిట్టుకున్నాను. ఇందులో నా గుణం తప్పు కంటే కూడికల తప్పే ఎక్కువ.

ఈ తప్పు నా ఒక్కదానిదే కాదు. పని ఎంతసేపు పడుతుందో అంచనా వేయడంలో మనుషులు తరచూ తక్కువే వేస్తారని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు కెనడాలో విద్యార్థుల్ని మీ థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55. నాకు ఇందులో నచ్చే సంగతేంటంటే, మనం ఎప్పుడూ ఆలస్యమవుతూనే వచ్చామని తెలిసినా తర్వాతి అంచనాలో ఆ తెలివి వాడం. “ఈసారి వేరు” అనుకుంటాం. పదకొండు నవంబర్లు నేను అదే అనుకున్నాను.

అసలు డిసెంబర్ అంటే ఏంటో ఒకసారి చూడండి. ఆఫీసులో ఏడాది లెక్కలు ముగించే నెల. పిల్లల పరీక్షలో, సెలవులో, ప్రోగ్రాములో ఏదో ఒకటి. బంధువులు వస్తారు, మనం వెళ్తాం. ఇల్లు సర్దాలి, చెట్టు పెట్టాలి, కానుకలు కొనాలి, చుట్టాలి. ఏడాది మొత్తంలో చేతులు అన్నింటికంటే తక్కువ ఖాళీగా ఉండే నెలని ఏరికోరి, అందులో కళ్ళు చికిలించి గళ్ళు లెక్కపెట్టే పని పెట్టుకుంటాం. ఎందుకంటే అప్పుడే కదా క్రిస్మస్ గుర్తొచ్చేది!

ఇది ఇప్పటి హడావిడి జీవితాల గోల కూడా కాదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి పండక్కి జవాబు రాయాల్సిన ఉత్తరాలు కుప్పలుగా పడ్డాయి. అందరికీ చేత్తో రాసే తీరిక లేదు. జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ గీయించి, వెయ్యి కాపీలు అచ్చు వేయించాడు. అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదేనంటారు. అంటే మనం ఆప్యాయంగా దాచుకునే ఆ కార్డు, డిసెంబర్‌లో చేతిరాతకి టైం చాలని మనిషి వెతుక్కున్న దొడ్డిదారి. కోల్ గారు నాకంటే తెలివైనవారు, లెక్క ముందే వేసుకున్నారు.

గడువు లేకపోతే పనులే కావు కదా అంటారు. మా ఆయన కూడా అదే అన్నారు: “డిసెంబర్‌లోనే చేయనిదానివి, మే నెలలో చేస్తావా?” చిన్న పనుల విషయంలో ఆ మాట నిజమే. రెండు సాయంత్రాల్లో అయ్యే కాగితపు నక్షత్రానికి గడువు మంచిదే, వెనక నుంచి తోస్తుంది. నూట అరవై గంటల పనికి గడువు అలా పనిచేయదు. డిసెంబర్ పదికల్లా ఇది కాదని తెలిసిపోతుంది. తెలిశాక చేయి ఎందుకు కదులుతుంది? అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? పండగ వెళ్ళిపోతుంది. 26వ తేదీ పొద్దున ఆ గుడ్డని చూడటానికే మనసొప్పదు. సంచీలో పెట్టేస్తాం. ఆ ఒక్క తేదీ దాటాక మిగిలిన పదకొండు నెలలూ దానికి పనికిరానివైపోతాయి. మార్చిలో క్రిస్మస్ చెట్టు కుట్టడమేంటి అని మనకే సిగ్గు.

మధ్యలో ఆగిన పనులు మనసుని వదలవని కూడా ఒక మాట ప్రచారంలో ఉంది. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో చేసి, 1927లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చింది. పూర్తయినవాటి కంటే ఆపేసినవే ఎక్కువ గుర్తుంటాయని ఆమె చూపించింది. తర్వాత వేరేవాళ్ళు చేసిచూస్తే ప్రతిసారీ అలా రాలేదు. నా వరకు చెప్పాలంటే, అలమారా తలుపు వేశాక హాయిగా మరిచిపోయాను. చేతిపనులవాళ్ళు ఇలాంటివాటిని యూఎఫ్‌ఓలు అంటారు, అంటే అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్టులు. ఆకాశంలో ఎగిరేవాటిలాగే ఇవీ అప్పుడప్పుడే కనబడి మాయమవుతాయి.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి, లేకపోతే డిసెంబర్‌కి అన్యాయం చేసినట్టవుతుంది. నేను ప్రతి ఏడూ ఆగింది ఒకే చోట. మంచు దగ్గర.

చార్టులో మంచు చూడ్డానికి ఖాళీలా ఉంటుంది. ఖాళీ కాదు. దానికి రెండు తెలుపులు. డీఎంసీ అనే కంపెనీ దారాల్లో బ్లాంక్ అని ఒకటి, బి5200 అని ఒకటి. రెండోది ఇంకాస్త తెల్లగా, మెరిసేలా ఉంటుంది, దాని పేరే స్నో వైట్. వెలుగు పడే మంచుకి అది, నీడలో ఉన్న మంచుకి బ్లాంక్. రెండూ తెల్లటి ఐడా గుడ్డ మీద, అంటే గళ్ళుగా నేసిన క్రాస్ స్టిచ్ గుడ్డ. అంగుళానికి పద్నాలుగు గళ్ళు, తెల్ల గుడ్డలో తెల్ల బెజ్జాలు, వాటిలోకి తెల్ల దారం, అదీ రాత్రి పది తర్వాత లైటు కింద. చెట్టు కుడుతుంటే అరగంటలో ఒక కొమ్మ కనిపిస్తుంది. మంచు అరగంట కుట్టినా ఏమీ కనిపించదు. లేచి దూరంగా నిలబడి చూస్తే మొదలుపెట్టక ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. చేతిపనిలో ప్రతి కుట్టులోనూ ప్రేమ ఉంటుందని అనేవాళ్ళు మంచు కుట్టి ఉండరు. నా మంచులో విసుగు ఉంది, మెడనొప్పి ఉంది, ఒక రాత్రి ఏడుపు కూడా ఉంది.

దానికి మందు చాలా చిన్నది. ఒళ్ళో ముదురు రంగు గుడ్డ పరుచుకుని కుడితే బెజ్జాలన్నీ నల్లచుక్కల్లా పైకి తేలతాయి. పగటి వెలుతురులో అయితే ఇంకా తేలిక. పదేళ్ళు ఎందుకు తట్టలేదంటే, పగటి వెలుతురులో తీరిగ్గా కూర్చునే డిసెంబర్ నాకు ఒక్కటీ దొరకలేదు. ఫిబ్రవరి ఆదివారాలు దొరికాయి. తిరిగి తిరిగి డిసెంబర్ దగ్గరికే వచ్చాను, చూశారా.

ఏడాదికోసారి ముట్టుకోవడంలో ఇంకో నష్టం ఉంది. చేయి మరిచిపోతుంది. క్రాస్ స్టిచ్‌లో ఒక కుట్టంటే ఇంటూ గుర్తు. కింది కాలు ఒకవైపు వాలితే పైకాలు రెండోవైపు వాలుతుంది. గుడ్డ మొత్తం మీద పైకాళ్ళన్నీ ఒకేవైపు వాలాలి. 2016లోనో 2017లోనో వేసిన ఒక రెండు వందల కుట్లు నేను తిరగేసి వేశాను. దగ్గర నుంచి చూస్తే తేడా తెలియదు. కాస్త వంచి పట్టుకుంటే చెట్టు మొదట్లో అరచేతి మడమంత చోట పచ్చ వేరే పచ్చలా కనిపిస్తుంది. రంగు అదే, మెరుపు పడే దిక్కు మారింది. ఈ పత్తి దారాన్ని కాస్టిక్ సోడాలో ఉంచి, లాగిపట్టి మెరుగుపెడతారు, పట్టులా మెరిసేది అందుకే. ఆ మెరుపే నా మతిమరుపుని పట్టిచ్చింది. విప్పుదామని కత్తెర తీసి, మళ్ళీ పెట్టేశాను. అది ఏ ఏడాది కుట్టానో చెప్పే గుర్తు ఇంకేదీ లేదు కాబట్టి ఉండనిచ్చాను. విప్పడానికి బద్ధకించానని కూడా అనుకోవచ్చు, అభ్యంతరం లేదు.

ఆ ఫిబ్రవరి నుంచి వారానికి నాలుగు రోజులు, రోజుకో అరగంట. అంతే. తడిపితే గీతలు పోయే నీళ్ళపెన్నుతో గుడ్డంతా పదేసి గళ్ళకి నీలం గీతలు గీసుకున్నాను, ఆ గీతలు లేకుండా ఇంత పని పెట్టుకోవడం మూర్ఖత్వం. దారాల పెట్టె, చార్టు, కత్తెర అన్నీ ఒక బుట్టలో, కుర్చీ పక్కనే. పైన అరలో పెడితే తీసేసరికే పావుగంట పోతుంది, పెట్టడానికింకో పావుగంట. సూదిలో దారం ఎక్కించి మరీ లేచేదాన్ని, మర్నాడు కూర్చోగానే మొదటి కుట్టు పడేలా. సూదిని మాత్రం గుడ్డకి గుచ్చలేదు. తుప్పు చుక్క నేర్పిన పాఠం.

2024 డిసెంబర్ వచ్చింది. అప్పటికి ఇంకా మూడు వేల కుట్లు చిల్లర ఉన్నాయి. గట్టిగా కూర్చుంటే అయిపోతుందేమోనని లోపల ఒక పురుగు తొలిచింది. ఈసారి వేరు! అమ్మాయి కూడా అడిగింది, “ఈ క్రిస్మస్‌కి అవుతుందా అమ్మా?” అవదన్నాను. మూడు వేల కుట్లంటే పాతిక గంటలు. నవంబర్ 30న బుట్ట మూసి పక్కన పెట్టి, నెల మొత్తం ముట్టుకోలేదు. పదకొండేళ్ళలో టెన్షన్ లేని మొదటి పండగ అది. జనవరి రెండో తారీకున బుట్ట తెరిస్తే సూదిలో దారం ఎక్కించే ఉంది.

మార్చిలో కుట్లు అయిపోయాయి. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఉతకాలి, ఇస్త్రీ చేయాలి, మేజోడు ఆకారంలో కత్తిరించి వెనక గుడ్డ, లోపల లైనింగు వేయాలి. నీలం గీతలు పోకముందే ఇస్త్రీ తగిలితే మరక అక్కడే అతుక్కుపోతుంది, అందుకని ముందు చన్నీళ్ళలో నానేశాను. గీతలు పోయాయి, బదులుగా పట్టీలో ఎరుపు దిగింది. నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరగడం చూసి గుండె జారింది. ఆరనిస్తే ఆ గులాబీ మంచుకి పట్టేస్తుంది. నాలుగుసార్లు నీళ్ళు మార్చాక తేటపడ్డాయి. గోధుమరంగు వలయం పూర్తిగా పోలేదు, మేజోడు అంచు కత్తిరింపులో చాలావరకు బయటికి వెళ్ళిపోయింది.

వెనకకి ముదురు ఎరుపు వెల్వెట్. కాగితం నమూనా పరిచి చాక్‌తో గీసి కత్తిరించాను. రెండూ కలిపి చూస్తే ఒకదాని బొటనవేలు తూర్పుకి, ఇంకోదాని బొటనవేలు పడమరకి. నమూనాని తిరగేసి గీయాలి, తిరగేయలేదు. మామూలు గుడ్డయితే బోర్లా వేస్తే సరిపోయేది. వెల్వెట్‌కి నూగు ఒకవైపే ఉంటుంది. పన్నెండేళ్ళ కిందట ఇలాంటిది జరిగితే ఇంకో రెండేళ్ళు సంచీలో పెట్టేదాన్నేమో. వేరే ముక్క తెచ్చి, ఏప్రిల్‌లో ఒక శనివారం కుట్టేశాను.

ఆగిపోయినవన్నీ పూర్తిచేయమని నేను చెప్పడం లేదు. అదే సంచీలో ఇంకా రెండున్నాయి: చెట్టు కింద పరవడానికని మొదలుపెట్టిన క్రోషా అల్లిక, అడ్వెంట్ రోజులకని, అంటే క్రిస్మస్ ముందు రోజులు లెక్కపెట్టుకోడానికని, కత్తిరించిన ఇరవై నాలుగు ఫెల్ట్ జేబులు. క్రోషా విప్పేసి ఊలు ఉండ చుట్టాను. జేబులు ఎవరైనా తీసుకుంటారేమోనని అడిగి ఇచ్చేశాను. ఖర్చుపెట్టిన గంటలు చూసి జాలిపడితే ఏదీ వదల్లేం. నేను చూసింది ఒక్కటే, దాని కోసం ఎదురుచూసే మనిషి ఉన్నారా లేదా. మేజోడుకి ఉంది, కాస్త గట్టిగానే అడిగింది కూడా.

బొటనవేలి సంగతి చివరికి అట్టేపెట్టాను. వెల్వెట్ గొడవకి ముందు, మార్చిలో, కుట్లలో ఆఖరుగా మిగిలింది అదే. ఏ ఏడాది వేయాలి? 2013 వేస్తే అబద్ధం. 2025 వేస్తే ‘మొదటి క్రిస్మస్’ అన్న మాటే అబద్ధం. వారం తేల్చుకోలేదు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక నమూనా గుడ్డ ఉంది, రకరకాల కుట్లు, బొమ్మలు కుట్టి చూసుకునే శాంప్లర్ అన్నమాట. ఇందాకటి హెన్రీ కోల్ మొదటి డైరెక్టర్‌గా ఉన్న మ్యూజియమే అది. జేన్ బోస్టాక్ అనే ఆమె కుట్టింది. తేదీ వేసి ఉన్న బ్రిటిష్ నమూనా గుడ్డల్లో ఇప్పటికి దొరికినవాటిలో అదే పాతది. దాని మీద ఆమె పేరు, 1598 అని ఏడాది ఉన్నాయి. దాంతోపాటు ఆలిస్ లీ అనే పాప 1596 నవంబర్ 23న, మంగళవారం మధ్యాహ్నం పుట్టిందని కూడా కుట్టి ఉంది. పాప పుట్టిన రెండేళ్ళకి అయింది పని! కుట్టి విప్పేసిన బొమ్మల ఆనవాళ్ళు కూడా ఆ గుడ్డ మీద ఉన్నాయట. జేన్‌కి ఎందుకు రెండేళ్ళు పట్టిందో ఎవరూ అడగలేదు. రెండు ఏడాదులూ పక్కపక్కన పెట్టేసి ఊరుకుంది.

నేనూ అదే చేశాను. చిక్కేంటంటే చార్టులో నాలుగంకెలకే చోటుంది. ఒక్కో అంకె అయిదు గళ్ళ వెడల్పు, ఏడు గళ్ళ ఎత్తు, మధ్యలో ఒక్కో గడి సందు. 2013 వేశాక కింద 2025 పట్టాలంటే ఇరవై మూడు గళ్ళ వెడల్పున ఎనిమిది వరసలు కావాలి. అక్కడున్నది మంచు. ఏ మంచు కుట్టలేక పదేళ్ళు ఆగానో, ఆ మంచునే నూట ఎనభై నాలుగు కుట్లు విప్పాను. వేయడానికి గంటన్నర పట్టినది విప్పడానికి రెండు గంటలు పట్టింది.

అమ్మాయి చేతికిస్తే ముందు పేరు చూసింది, తర్వాత దుప్పి. తిరగేసి వెల్వెట్ నిమిరింది. అంకెల గురించి అడుగుతుందని జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను, అడగలేదు. కుర్చీలో కూర్చుని మేజోట్లో కాలు దూర్చింది. పిక్క దాకా పట్టింది. “సరిపోయిందమ్మా” అంది. అయిదు నెలలప్పుడైతే నడుము దాకా దిగేది.

ప్రస్తుతం తన గది తలుపు గొళ్ళేనికి వేలాడుతోంది. లోపల ఏదో గరగరలాడుతోంది, ఏంటని నేను చూడలేదు.